పికప్పు కింద కీచుపిట్ట

గాసి పికప్పు అరుపు గురించి అనంతగిరి ఘాట్‌లో చెప్పుకునే మాటల్లో సగం నిజం. మిగతా సగం ఇంకా నిజం. నమ్మేవాళ్ళు కరువై అబద్ధంలా మిగిలిపోయింది.

ఫాల్గుణంలో ఎండ ముదురుతుండగా మొదలైంది ఆ అరుపు. మొదట సీటు కింద ఎలుకపిల్ల ఇరుక్కుందనుకున్నాడు గాసి. బండి ఆపి, సీటెత్తి, ఉత్తరీయం దులిపి చూశాడు. ఎలుక లేదు. బండి కదిలితే మళ్ళీ కీచ్... కీచ్... కీచ్. కొంచెం ఊపందుకుంటే కిచకిచకిచ. పది రోజుల్లో అది ఎంత ముదిరిందంటే, బండి ఇంకా మూడు మలుపుల అవతల ఉండగానే పనసగుడలో ఆడవాళ్ళు అంబలి దించేసేవారు. ఒక మగపిట్ట తన జోడు ఆ బండి కిందే ఎక్కడో ఉందని నమ్మి, కాశీపట్నం నుంచి సుంకరిమెట్ట దాకా బండి మీదుగా ఎగురుకుంటూ వచ్చిందట. సంతలో బండి ఆగి అరుపు ఆగిపోయేసరికి, ఇంత దూరం రప్పించి మాట్లాడదేమని అలిగి వెళ్ళిపోయిందట. ఆ పిట్టను చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే ఏ రంగో చెప్పలేరు గానీ, అలిగిన సంగతి మాత్రం బాగా చెబుతారు.

పనసగుడలో మొట్టమొదట బండి కొన్నవాడు గాసి. ఎస్.కోటలో ఎవరో వాడి వదిలేసిన పికప్పును కొండెక్కించి, నీలం రంగు వేయించి, తలుపుకో చిలకను రాయించుకున్నాడు. అల్లం, పసుపు, కాఫీ పళ్ళు, సంతకెళ్ళే మనుషులు, వాళ్ళ కోళ్ళు, అన్నీ దాంట్లోనే. ఆ చిలకల మీద దుమ్ము పడితే మొహం కడుక్కోకముందు వాటిని తుడిచేవాడు. భార్య సోములమ్మకు ఈ చిలకల సేవ కంటగింపుగానే ఉండేది, కాని పైకి అనేది కాదు. ఆమె ఏదీ వెంటనే అనదు. దాచుకుని పండగకు అంటుంది.

పండగ రానే వచ్చింది. చైత్రంలో ఇటుకల పండగ. ఆ రోజుల్లో మగవాళ్ళందరూ విల్లంబులు, గొడ్డళ్ళు పట్టుకుని అడవికి వేటకు పోవాలి. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, పాట పాడి చిల్లర పుచ్చుకుంటారు. సాయంత్రం వేట దొరికినవాడికి దండలు, డప్పులు. చేతులూపుకుంటూ వచ్చినవాడికి పేడనీళ్ళ కుండలు. కట్టుకున్నవాడని కూడా చూడరు. అడవిలో జంతువులు తగ్గిపోయాయని ఎవరికీ తెలియంది కాదు, కాని పేడకు మాత్రం ఎప్పుడూ కరువు రాలేదు.

గాసి బండి కొన్నప్పటి నుంచి వేటకు పోవడం మానేశాడు. డ్రైవరునన్నది వాడి సాకు. ఆ ఏడు పండగ తొలిరోజు కీచుకీచుమంటూ మలుపు తిరిగేసరికి బొంగు అడ్డంగా ఉంది. బొంగు వెనక నడుముకు చెంగు బిగించి సోములమ్మ ఉంది.

"మగాలందరూ అడివికెల్తే నువ్వొక్కడివే ఆడోల మద్దిన తిరగతన్నావేటి?" అంది.

"నాను డ్రైవర్ని. డూటీ ఉన్నాది."

"డ్రైవరైతే మగోడివి కాదేటి?"

ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె గాసికి చీర తెచ్చివ్వమంది. ఇంకొకామె బండి అరుపును అచ్చంగా అరిచి చూపించి, ఇంత గట్టిగా ఏడుస్తూ తిరిగేవాడు అడవికెళ్తే జంతువులే జాలిపడి ఇంటిదాకా దిగబెడతాయంది. బండిలో సంతవాళ్ళు కూడా నవ్వేసరికి గాసికి తిక్క పుట్టింది. తిక్కలో మనిషి నోరు తాళంలేని బండి.

"నానూ ఏటాడతాను," అన్నాడు. "ఈ బండి కింద కూత్తన్న పిట్టని పట్టి, కర్రకి కట్టి, బుజానేసుకొని తెత్తాను. ఆకరి రోజు పొద్దు గూకేలోగా."

"తేకపోతే?"

"తేకపోతే నీ సేత్తో నువ్వే పేడనీల్లు పొయ్యి."

"నీ ఒక్కడికేనేటి? నీ సిలకలకి కూడా పోత్తాను," అంది సోములమ్మ, తలుపు మీద చిలకను చేత్తో నిమురుతూ. ఊరి ఆడవాళ్ళంతా సాక్ష్యం. గాసి చిలక వంక చూశాడు. తన మీద పేడ పడితే గెడ్డలో మునిగితే పోతుంది. కొత్త రంగు మీద, చిలక కంట్లో పడితే?

మర్నాటి నుంచి గాసి పిట్ట వేటలో పడ్డాడు. తలుపు బందులకు సబ్బు రాశాడు. వెనక స్ప్రింగు పట్టీలకు ఆముదం పూశాడు. అవి నిగనిగలాడాయి, అరుపు అలాగే ఉంది. ఇంట్లో కొంచెం నూనె ఉంటే ఇమ్మని సోములమ్మను అడిగితే, ఇప్పనూనె కుండ పుష్యమాసంలోనే ఎలుగుబంటి నాకేసి పోయిందనీ, కావాలంటే దాన్నే అడగమనీ అంది. ఆ ఎలుగును తిట్టడం మొదలుపెడితే ఆమెకు ఒక పూట పట్టేది. ఎప్పుడు తిట్టినా గాసి తేలు కుట్టిన దొంగలా పైకప్పు చూస్తూ, నిజమే, ఈమధ్య ఎలుగులు బాగా ఎక్కువయ్యాయి అనేవాడు.

అలా రోజులు జారిపోయి చివరి రోజు వచ్చేసింది. పొద్దున్నే అరకులో బుజ్జిబాబు షెడ్డుకు పరుగెత్తాడు. బుజ్జిబాబు కొండ కింద విజయనగరం వైపు నుంచి వచ్చి, పది పన్నెండేళ్ళుగా అక్కడే బండ్లు బాగుచేస్తున్నవాడు. ఆ రోజు అతని ముందు చూడ్డానికొచ్చిన జనాల జీపులు వరసలో ఉన్నాయి. ఎల్లుండి దాకా చెయ్యి పెట్టలేనన్నాడు. గాసి పేడనీళ్ళ కథంతా చెప్పుకున్నాడు. బుజ్జిబాబు కడుపు పట్టుకుని నవ్వి, నవ్వినందుకు పరిహారంగా అడ్డాకులో ఇంత గ్రీజు ముద్ద పెట్టి ఇచ్చాడు.

"ఒరే గాసీ, సేతులెట్టకముందు సెవులెట్టు," అన్నాడు. "ఎప్పుడరుత్తందో, ఎప్పుడు ఆగతందో సూడు. సోటు దొరికితే సగం పనైపోయినట్టే."

తిరుగుదారిలో, కాఫీ తోటల దగ్గర సిల్వర్ ఓక్ నీడలో నలుగురు మనుషులు కూలబడి కనిపించారు. పనసగుడ వేటగాళ్ళు. ముందు కూర్చున్నవాడు సోంబరు, గాసికి మేనమామ, వేటకు పెద్ద. ఆయన కన్ను చురుకు, చెవి ఇంకా చురుకు. మోకాళ్ళు మాత్రం లేచినా కూర్చున్నా ఎండుకట్టె విరిగినట్టు కటకటమంటాయి. ఆ చప్పుడుకే కుందేళ్ళు పారిపోతున్నాయని మిగతా ముగ్గురి గోల. కాదు, గాసి బండి కూతకు పారిపోతున్నాయని ఆయన వాదన. మొత్తానికి వాళ్ళ చేతిలో ఉడుత తోక కూడా లేదు. మధ్యాహ్నం దాటిపోయింది. ఊళ్ళో కుండల్లో పేడ నానుతున్న సంగతి నలుగురి మొహాల్లోనూ కనిపిస్తోంది.

గాసి బండి ఆపి తన పంతం చెప్పాడు. సోంబరు గడ్డం గోక్కున్నాడు. ఆయనకు ఆ కోరిక పిచ్చిగా తోచలేదు. కూసే దేన్నయినా పట్టవచ్చునన్నది ఆయన సిద్ధాంతం.

"ఇంజను ఎయ్యి. కదలకు," అన్నాడు.

గాసి బండి నిలబెట్టే ఇంజను గర్జింపజేశాడు. అడవి అదిరింది గానీ కీచు లేదు. "పొట్టలోది కాదు," అన్నాడు సోంబరు. తరువాత ఇంజను ఆపించి, పల్లానికి ఉత్తినే దొర్లనిమ్మన్నాడు. ఇంజను నోరు మూసుకుంది. పిట్ట నోరు తెరిచింది. కీచ్, కీచ్, కీచ్. "పరిగెడితేనే కూతెడతంది. కాల్ల కాడ జంతువు."

చక్రాల్లోనే ఉందని గాసి పానా అందుకోబోయాడు. సోంబరు వాడి చెయ్యి పట్టుకున్నాడు. తన పొగాకు సంచిలోంచి సున్నం తీసి, వెనక టైరు మీద బొట్టు పెట్టాడు. మిగతా ముగ్గురినీ చదునైన చోట బండిని నెమ్మదిగా తోయమన్నాడు. తాను కటకటమని కూర్చుని, బొట్టును కంటితోనూ కూతను చెవితోనూ పట్టుకున్నాడు. బొట్టు ఒక చుట్టు తిరిగి కిందికి వచ్చేలోగా పిట్ట నాలుగుసార్లు కూసింది. మళ్ళీ తోయించాడు. మళ్ళీ అంతే.

"సక్రంలో ఉంటే సక్రం సుట్టుకోపాలి కూయాల. ఇది సక్రం కంటే బేగి తిరిగేదాంట్లో ఉన్నాది. అలాటిదేటున్నాదిరా నీ బండికి?"

గాసి మెదడులో దీపం వెలిగింది. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా, బండి పొట్ట కింద పొడుగ్గా పడుకుని ఉండే షాఫ్టు! చక్రం ఒక్కసారి తిరగాలంటే అది గిరగిరా నాలుగు చుట్లు తిరగాలి. దానికి రెండు చివర్లా మోకాళ్ళలాంటి జాయింట్లు. ఒక్కో మోకాలి మధ్య నాలుగు చేతుల ఇనుప ముక్క ఒకటి. క్రాసు అంటారు దాన్ని. గాసి వెల్లకిలా పాకి కిందికి దూరాడు. ముందరి జాయింటు తడిగా, నల్లగా, ఆరోగ్యంగా ఉంది. వెనకదాని చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉంది. షాఫ్టును రెండు చేతులా పట్టి మెలితిప్పితే అక్కడ కటుక్కుమంది.

ఆ ఎర్రపొడిని సోంబరు వేలితో అద్ది చూశాడు. "రెట్ట. తాజాగా ఉన్నాది. గూడు ఇదే."

ఘాట్‌లో తిరిగే ప్రతి డ్రైవరులాగే గాసి సీటు కింద కూడా కొత్త క్రాసు ఒకటి డబ్బాలో నిద్రపోతోంది. పానాలు తీశాడు. వెంటనే విప్పేయబోతే సోంబరు ఒప్పుకోలేదు. ఏదుపందిని పట్టేముందు బొరియ దారులన్నీ మూయరా, అలాగే నాలుగు చక్రాలకూ రాళ్ళు పెట్టాలన్నాడు. గేరులో ఉంది కదా, ఎక్కడికి పోతుందని గాసి నవ్వాడు. వేటగాళ్ళు రాళ్ళు పెడుతుంటే నవ్వుతూనే బోల్టులు విప్పాడు. షాఫ్టు చివర దిగిన మరుక్షణం, చదునుగా కనిపించిన చోటనే బండి మూలిగి, జానెడు వెనక్కి జరిగి, రాయికి ఆనుకుంది. గేరు పట్టు చక్రానికి అందేది ఆ షాఫ్టు ద్వారానే కదా. చేతిబ్రేకు సంగతి అడగొద్దు. అది కొన్ననాటి నుంచీ అలంకారమే. గాసి నవ్వు ఆపి, కిందనుంచి బయటికి పాకాడు.

"పిట్ట కంటే గూడే ముందెగిరిపోయుండును," అన్నాడు సోంబరు.

విప్పిన చోట రెండు ముక్కల మీదుగా సున్నంతో ఒక గీత గీశాడు గాసి. మళ్ళీ బిగించేటప్పుడు గీతకు గీత కలవాలి, లేకపోతే కీచు పోయి వణుకు పట్టుకుంటుంది. ఆ తరువాత జాయింటులో గిన్నెల్లాంటి మూతలను పట్టి ఉంచే చిన్న ఉంగరాలు తీసి, రాతి మీద పెట్టి, గొడ్డలి మడమతో ఒక్కో దెబ్బా వేశాడు. గిన్నెలు ఊడి వచ్చాయి. లోపల సూదుల్లా మెరవాల్సిన సన్నటి ఉక్కు కడ్డీలు తుప్పు పట్టి పొడిపొడిగా ఉన్నాయి. క్రాసు చేతుల మీద అవి కొరికిన గాట్లు. గ్రీజు పోయే కన్నం నిండా గోధుమరంగు జిగురు.

సోంబరు ఆ జిగురును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు. ఆయన మొహం మీద నెమ్మదిగా ఒక నవ్వు పాకింది.

"అల్లుడా, ఇది గిరీజు కాదు."

"మరేటి మావా?"

"ఇప్పనూనె. సోములమ్మ కుండ నాకేసిన ఎలుగు ఏ ఎలుగో ఇప్పుడు తెలిసినాది."

దాచి లాభం లేదు. పుష్యమాసపు చలికి కుండలో ఇప్పనూనె నెయ్యిలా తెల్లగా గడ్డకట్టి ఉంది. గాసి గ్రీజు డబ్బా ఖాళీ. వేలితో ముట్టుకుంటే రెండూ ఒకటే. కంపెనీవాడికి తట్టని ఉపాయం తనకు తట్టిందని పొంగిపోయి, కుండెడు నూనెనూ గ్రీజు గన్నులోకి ఎక్కించి, ముందరి జాయింటుకు మిగలకుండా అంతా వెనకదానికే కొట్టేశాడు. చలి ఉన్నన్నాళ్ళూ అది నిక్షేపంగా ఉంది. ఎండ రాగానే కరిగి, ఘాట్ రోడ్డంతా బొట్లుబొట్లుగా కారిపోయింది. అందుకే ఆ రోజుల్లో నిజం ఎలుగు ఒకటి రోడ్డును నాక్కుంటూ బండి వెంటే నడిచి, పనసగుడ మలుపు దాకా వచ్చేదట. సోములమ్మ చూసి తిట్టింది దాన్నే. పాపం, అది ముట్టని కుండకు తిట్లు తిన్నది.

"సెప్పకు మావా," అన్నాడు గాసి.

"సెప్పను. అయితే ఈ ఏట నీ ఒక్కడిది కాదు. మా నలుగురిదీని."

బేరం కుదిరింది. కొత్త గిన్నెల్లో బుజ్జిబాబు గ్రీజు పెట్టి, జారిపోకుండా సూదులను దానికి అంటించి, కొత్త క్రాసు ఎక్కించి, గీతకు గీత కలిపి బిగించారు. రాళ్ళు తీశారు. బండి కదిలింది.

చప్పుడు లేదు. ఎంత లేదంటే, బండి నడుస్తోందా లేదా అని గాసి తల బయటపెట్టి చెట్లు వెనక్కి పోతున్నాయో లేదో చూసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో వెనక కూర్చున్న సోంబరు మోకాళ్ళు ఒక్కటే వినిపించాయి.

పనసగుడ మలుపులో ఆడవాళ్ళు పేడకుండలు పక్కన పెట్టుకుని కబుర్లలో ఉన్నారు. రోడ్డు వైపు చూడాల్సిన పనేముంది? మూడు మలుపుల ముందే కూత వినబడుతుంది కదా, అప్పుడు లేవొచ్చు. పొద్దు కొండ మీద వాలింది. గాసి పల్లంలో ఇంజను ఆపేశాడు. బండి పిల్లిలా జారి, సరిగ్గా వాళ్ళ వీపుల వెనక ఆగింది. అప్పుడు హారన్ కొట్టాడు.

ఉలిక్కిపడి లేచేసరికి కుండలు తన్నుకుని సగం పేడ వాళ్ళ కాళ్ళ మీదే పడింది.

వాళ్ళు తేరుకునేలోగా నలుగురు వేటగాళ్ళూ దిగారు. ఇద్దరి భుజాల మీద వాసం. వాసానికి అడ్డతీగతో కట్టి, జానెడైనా లేని క్రాసు. మోసేవాళ్ళు మాత్రం అడవిపందిని మోస్తున్నట్టు వంగి, ఆయాసపడుతూ నడిచారు. వెనక గాసి, తానే రాజులా.

సోములమ్మ వంగి చూసింది. "ఇదేటి?"

"పిట్టనుకున్నాం. నాలుగు కాల్లున్నాయి," అన్నాడు సోంబరు. "తలకాయ నాను నరికేసినాను."

"నెత్తురేది?"

గాసి ఆకులో దాచిన ఎర్రపొడి చూపించాడు. సోములమ్మ బండెక్కి, నడపమంది. సంత మలుపు దాకా పోయి వచ్చారు. తల తిప్పి, చెవి రిక్కించి, తలుపు బయటికి వంగి విన్నది. కీచు లేదు. దిగి, ఆడవాళ్ళ వైపు చూసి, పట్టినట్టేనని ఒప్పుకుంది. గాసి ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది. చిలకలు బతికాయి.

"ఏటన్నాక కూరొండాల గదా," అంది సోములమ్మ చల్లగా. "ఏటకెల్లిన అందరికీ వాటా పడాల. కూకోండి."

పొయ్యి వెలిగించారు. మొహాల్లో నవ్వు రాకుండా పసుపు వేశారు, ఉప్పు వేశారు, పిడికెడు మిరపకాయలు వేశారు. క్రాసును తీగతో సహా కుండలో దించారు. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. మగవాళ్ళు వరసలో కూర్చుని ఒకరినొకరు చూసుకున్నారు. వేట అని ఒప్పుకున్నాక తినమంటే కాదనకూడదు. కాదంటే వేట కానట్టు. వేట కాకపోతే మిగిలిన సగం పేడ అక్కడే ఉంది. ఆకుదొప్పల్లో తలో కొంచెం పులుసు పడింది. సోంబరు కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు. మిగతావాళ్ళు ఆయన్ని చూసి తాగారు. గాసి అయితే బాగుందని ఇంకొంచెం అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది.

రెండో వడ్డనకు సోములమ్మ గరిటెతో కుండ అడుగుదాకా కలిపింది. మరిగి మరిగి, ఇనుప కన్నంలో గడ్డకట్టిన జిగురు కరిగి పైకి తేలింది. ఆవిరి ఆమె మొహానికి తగిలింది. గరిటె ఆగింది. ఆమె ఇంకోసారి వాసన చూసింది. తన చేత్తో ఏరి, ఎండబెట్టి, దంచి, గానుగ పట్టించిన నూనె వాసన మనిషికి తెలియకుండా పోతుందా?

ఆమె లేచి, మిగిలిన పేడకుండ అందుకుంది.

"ఏట బాగానే ఆడినారు. దానికి పేడనీల్లు లేవు," అంది. "ఇవి నా నూనె తాగిన ఎలుగుకి. ఆ ఎలుగెవరు?"

సోంబరు చెప్పనని మాట ఇచ్చాడు, నిజమే. నోరు విప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు. వెంటనే మిగతా ముగ్గురి చేతులూ లేచాయి. నాలుగు వేళ్ళూ గాసి వైపే.

గాసి పరుగెత్తలేదు. పరుగెత్తితే కుండ ఎటు తిరుగుతుందో వాడికి తెలుసు. బండి తలుపు ముందుకు పోయి, రెండు చేతులూ చాపి, చిలకకు అడ్డంగా నిలబడ్డాడు.

"నా మీద పొయ్యి. సిలక మీద పొయ్యకు."

సోములమ్మ నింపాదిగా, ఒక్క చుక్క పక్కకు చిందకుండా, నడినెత్తిన కుండంతా వంచింది. డప్పులు మోగాయి. ఆ ఏడు పండగకు అంత చక్కటి పోత ఇంకొకటి పడలేదని ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. చిలక రెక్క మీద మచ్చయినా పడలేదు. ఆషాఢం వచ్చేలోగా గాసి కొండంతా తిరిగి ఇప్పగింజలు ఏరి, దంచి, కుండెడు నూనె చేసి ఇచ్చుకున్నాడు. చెట్టు కింద అవతలి పక్కన ఎలుగు కూడా ఏరేదట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదట.

ఇక ఆ పులుసు మహిమ. మర్నాడు పొద్దున్న సోంబరు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మోకాళ్ళు కిక్కురుమనలేదు. తరువాతి ఏడు వేటలో ఆయన కుందేలు పక్కనే గొంతు కూర్చుని, దాని చెవిలో దగ్గేదాకా అది చూసుకోలేదట. నమ్మకపోతే పనసగుడ పోయి ఆ మోకాళ్ళు వినండి. ఏమీ వినబడదు.